పెళ్లి పత్రాలు విదేశంలో చెల్లాలంటే: సివిల్ మ్యారేజ్ నుంచి అపోస్టిల్ దాకా ఏది ముందు, ఏది తర్వాత

మ్యారేజ్ సర్టిఫికెట్ చేతికొచ్చిన వారంలోనే నేను దాన్ని అనువాదం చేయించాను. ఆ తర్వాత అపోస్టిల్, అంటే పత్రం మీది సంతకం, ముద్ర అసలైనవేనని విదేశాల కోసం ధ్రువీకరించే ముద్ర, వేయించాను. రెండూ ఫోల్డర్‌లో పెట్టుకుని విదేశంలో ఒక కౌంటర్ ముందు కూర్చున్నాక, అక్కడి ఉద్యోగిని ఒరిజినల్ తిప్పి వెనకవైపు చూసింది. అపోస్టిల్ మీద పెన్ను ఆనించి, "ఇది మీ అనువాదంలో లేదే" అంది. పత్రం నిజమైనదే, ముద్రలన్నీ సరైనవే, వరస ఒక్కటే తప్పింది. మళ్లీ అనువాదం, మళ్లీ అపాయింట్‌మెంట్ అంటూ ఐదు వారాలు పోయాయి.

పత్రాలు ఎలాగోలా దొరుకుతాయి. మనల్ని తిప్పలు పెట్టేది వరసే. "ఎక్కడ మొదలుపెట్టాలి?" అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి, ఆ వరసనే ఇక్కడ రాస్తున్నాను.

1. మొదటి ప్రశ్న చివరి కౌంటర్‌కి

మీ పత్రం చివరికి ఎవరి చేతిలో పడుతుందో ముందు తేల్చుకోండి. వీసా అధికారికి, అక్కడి సివిల్ రిజిస్ట్రీకి (పుట్టుకలు, పెళ్లిళ్లు నమోదు చేసే ఆఫీసుకి), ఉద్యోగం ఇచ్చిన సంస్థకి ఒకే కాగితం మూడు రకాలుగా కావాల్సి రావచ్చు.

అమెరికాలో జీవిత భాగస్వామిని రప్పించుకోవడానికి వేసే ఐ-130 అనే ఇమిగ్రేషన్ పిటిషన్‌కి మ్యారేజ్ సర్టిఫికెట్ కాపీ సరిపోతుంది. అది ఇంగ్లిష్‌లో లేకపోతే అనువాదం జోడించాలి. అపోస్టిల్ అడగరు. అదే సర్టిఫికెట్‌ని ఇటలీలోనో స్పెయిన్‌లోనో రిజిస్ట్రీలో ఎక్కించాలంటే, బయటి దేశపు పత్రానికి మామూలుగా అపోస్టిల్ ఉండాల్సిందే. "మా ఫ్రెండ్‌కి అక్కర్లేదన్నారు" అన్న మాట ఇందుకే నమ్మలేం. ఆ ఫ్రెండ్ వెళ్లిన కౌంటర్ వేరు.

అడగాల్సినవి:

- ఒరిజినల్ కావాలా, సర్టిఫైడ్ కాపీ చాలా?
- పత్రం ఎన్ని నెలల లోపు జారీ అయి ఉండాలి?
- అపోస్టిల్ కావాలా, ఎంబసీ అటెస్టేషన్ కావాలా, రెండూ అక్కర్లేదా?
- అనువాదం ఏ భాషలోకి? ఎవరు చేస్తే ఒప్పుకుంటారు?
- ఒరిజినల్ తిరిగి ఇస్తారా?

ఈమెయిల్‌లోనే అడగండి. ఫోన్‌లో వచ్చిన జవాబు రేపు ఇంకో ఉద్యోగి ముందు పనికిరాదు. జవాబు ప్రింట్ తీసి ఫోల్డర్‌లో అన్నిటికంటే పైన పెట్టుకోండి. వెబ్‌సైట్ పేజీ అయితే ఆ రోజు తేదీ పడేలా పీడీఎఫ్ చేసుకోండి, ఎందుకంటే ఆ పేజీలు చెప్పాపెట్టకుండా మారుతుంటాయి.

పెళ్లి ఎక్కడ చేసుకోవాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. వెళ్లకముందు ఇక్కడ, వెళ్లాక అక్కడ, లేదంటే ఇద్దరిదీ కాని మూడో దేశంలో. వేరువేరు దేశాలకు చెందిన జంటలు చాలామంది డెన్మార్క్ వెళ్లి సివిల్ మ్యారేజ్ చేసుకునేది అక్కడ పేపర్ వర్క్ తక్కువనే. కానీ ఆ సర్టిఫికెట్‌ని మీరు ఉండబోయే దేశంలో, మీ సొంత దేశంలో చెల్లేలా చేసుకోవాల్సిన పని మాత్రం అలాగే మిగులుతుంది.

2. పేర్ల పట్టిక వేయండి

ఒక తెల్లకాగితం తీసుకోండి. ఎడమవైపు పత్రాల పేర్లు వరసగా రాయండి: పాస్‌పోర్టు, బర్త్ సర్టిఫికెట్, చదువు సర్టిఫికెట్లు, పాత విడాకుల డిక్రీ ఉంటే అది, తల్లిదండ్రుల పేర్లున్న ఇతర కాగితాలు. పక్కన ఒక్కో పత్రంలో పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు ఎలా ఉన్నాయో అక్షరం అక్షరం దించండి. గుర్తున్నట్టు రాయొద్దు, చూసి రాయండి.

అరగంట పని ఇది. పైన ఒక హెచ్, కింద అది లేకపోవడం, ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా, ఇలాంటివన్నీ ఇక్కడే బయటపడతాయి. తేదీల్లో ఇంకో చిక్కు ఉంది. 04/07 అంటే కొన్ని దేశాల్లో జులై 4, అమెరికాలో ఏప్రిల్ 7. అవకాశం ఉన్నచోటల్లా నెలను అక్షరాల్లో రాయించండి.

తేడా కనిపిస్తే ఏం చేయాలి? అన్నిటికీ పాస్‌పోర్టునే కొలబద్దగా పెట్టుకోండి. విదేశంలో మిమ్మల్ని గుర్తుపట్టేది ఆ పేరుతోనే. పాస్‌పోర్టులో కింద రెండు వరసల్లో బాణం గుర్తులతో కనిపించే భాగాన్ని కూడా చూడండి. యంత్రం చదివేది దాన్నే. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. అలాంటి పాస్‌పోర్టుకి ఇచ్చే అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు గడిలో 'ఎఫ్ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. తర్వాత బ్యాంకులో, లైసెన్సులో అదే పేరై కూర్చుంటుంది.

సరిదిద్దే పద్ధతులు రెండు. చిన్న తేడా అయితే, ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ ముందు ఇచ్చే అఫిడవిట్‌ని కొన్ని కార్యాలయాలు ఒప్పుకుంటాయి. తేదీ తప్పు, తల్లిదండ్రుల పేరు తప్పు అయితే మూల పత్రాన్నే సరిచేయించాలి. అది ముందు బర్త్ సర్టిఫికెట్, తర్వాత పాస్‌పోర్టు, ఆ తర్వాతే పెళ్లి దరఖాస్తు అన్న వరసలో జరగాలి. అపోస్టిల్ పడ్డాక సర్టిఫికెట్ సరిచేయిస్తే కొత్త కాగితం, కొత్త అపోస్టిల్, కొత్త అనువాదం. అంటే మళ్లీ మొదటికే.

3. పెళ్లికి ముందు కాగితాలు

పాస్‌పోర్టు, బర్త్ సర్టిఫికెట్, చిరునామా రుజువు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఎక్కువమందిని ఆపేవి ఇంకో రెండు.

మొదటిది, మీకు ఇప్పుడు పెళ్లి కాలేదని, చేసుకోవడానికి చట్టపరమైన అడ్డు లేదని చెప్పే పత్రం. సింగిల్ స్టేటస్ సర్టిఫికెట్ అని ఒకచోట, నో ఇంపెడిమెంట్ అని ఇంకోచోట అంటారు. దేశం మొత్తానికీ కలిపి పెళ్లిళ్ల రిజిస్టర్ లేని అమెరికా లాంటి చోట్ల దేశమంతటికీ వర్తించేలా ఇలాంటి సర్టిఫికెట్ ఇచ్చే కార్యాలయం ఉండదు. అక్కడ నోటరీ ముందు ప్రమాణం చేసిన అఫిడవిట్‌తో సరిపెట్టుకోవాలి. దాన్ని ఒప్పుకుంటారా లేదా అన్నది మళ్లీ చివరి కౌంటర్‌నే అడగాలి.

ఈ పత్రానికి గడువు ఉంటుంది. జర్మనీలో ఇది జారీ అయిన ఆరు నెలల లోపు పెళ్లి జరగకపోతే చెల్లదు. డెన్మార్క్‌లో పెళ్లికి అనుమతిస్తూ ఇచ్చే పత్రానికి నాలుగు నెలలు. కాబట్టి దీన్ని ఉత్సాహం కొద్దీ ముందే తెచ్చుకోకండి. ఇంగ్లండ్‌లో చిక్కు వేరు. అక్కడ పెళ్లి నోటీసు ఇచ్చాక కనీసం 28 రోజులు ఆగాలి. కొన్ని సందర్భాల్లో ఆ గడువును 70 రోజులకు పెంచుతారు. టికెట్లు బుక్ చేసేముందే ఈ రోజులు లెక్కేసుకోవాలి.

రెండోది, ఇంతకు ముందు పెళ్లయిన వాళ్ల కాగితాలు. విడాకుల కేసు కాగితం, విడాకుల తుది ఉత్తర్వు ఒకటి కాదు. ఇంగ్లండ్‌లో 2022 ఏప్రిల్ 6 నుంచి వేసిన కేసుల్లో చివరిదాన్ని ఫైనల్ ఆర్డర్ అంటున్నారు. దానికి ముందు డిక్రీ అబ్సొల్యూట్ అనేవాళ్లు. మధ్యలో వచ్చే కాగితం పట్టుకెళ్తే వెనక్కి పంపిస్తారు. జర్మనీ లాంటి దేశాల్లో బయటి దేశపు విడాకుల్ని అక్కడి న్యాయశాఖ విడిగా గుర్తించాక గానీ కొత్త పెళ్లికి ఒప్పుకోని సందర్భాలు ఉన్నాయి. మీది ఈ కోవలోకి వస్తే మిగతా పనులన్నీ పక్కనపెట్టి దీన్నే ముందు కదపండి.

భాగస్వామి చనిపోయి ఉంటే డెత్ సర్టిఫికెట్‌తో పాటు ఆ పాత పెళ్లి సర్టిఫికెట్ కూడా అడగొచ్చు. రెండూ దగ్గర ఉంచుకోండి.

4. సంతకం పెట్టే ముందు చదవండి

పెళ్లి రోజు అందరికీ తొందరే. ఫొటోలు, సాక్షులు, బయట ఇంకో జంట ఎదురుచూపు. రిజిస్ట్రార్ కాగితం మీ వైపు తిప్పి సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపిస్తారు. అక్కడ ఒక్క రెండు నిమిషాలు ఆగండి. మీరు వేసుకున్న పేర్ల పట్టిక జేబులో ఉండాలి. దాన్ని పక్కన పెట్టుకుని పేరు, తేదీ, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, పాస్‌పోర్టు నంబరు ఒక్కొక్కటే చూడండి. ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి. సంతకానికి ముందు తప్పు దొరికితే ఇంకో ప్రింట్ తీస్తే పోతుంది. తర్వాత దొరికితే దరఖాస్తులు, నెలలు.

పెళ్లి తర్వాత పేరు మార్చుకోవాలా అన్నది కూడా ఆ రోజుకి ముందే అనుకోవాలి. కొన్ని దేశాల్లో ఆ ప్రకటన పెళ్లి సమయంలోనే చేస్తారు. నా అభిప్రాయం అడిగితే, వీసా దరఖాస్తు నడుస్తుండగా పేరు మార్చకపోవడమే నయం. పాస్‌పోర్టు ఒక పేరుతో, పెళ్లి పత్రం ఇంకో పేరుతో తిరగడం కంటే పెద్ద టెన్షన్ ఉండదు.

కార్యక్రమం అయ్యాక చేతికిచ్చే అందమైన కాగితం చాలా చోట్ల జ్ఞాపికే. మీకు కావాల్సింది రిజిస్ట్రీ జారీ చేసే సర్టిఫైడ్ కాపీ. అమెరికాలో లైసెన్స్ అంటే పెళ్లి చేసుకోవడానికి అనుమతి, సర్టిఫికెట్ అంటే పెళ్లయిందనడానికి రుజువు. ఈ రెండిటినీ కలిపేసుకునేవాళ్లు చాలామందే.

అక్కడే తేల్చుకోవాల్సినవి:

- పొట్టి ఫారం కాకుండా, తల్లిదండ్రుల పేర్లతో సహా అన్ని వివరాలూ ఉన్న పొడుగు ఫారం కావాలని చెప్పండి.
- కనీసం మూడు సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. రెండు పనులకి, ఒకటి దాచుకోవడానికి.
- బహుభాషా పత్రం, అంటే గడుల పేర్లు చాలా భాషల్లో అచ్చయిన సర్టిఫికెట్, ఇస్తారా అని అడగండి. 1976 నాటి వియన్నా ఒప్పందంలో ఉన్న జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, టర్కీ లాంటి దేశాలు దీన్ని ఇస్తాయి. ఆ దేశాల మధ్య దీనికి అనువాదమూ అక్కర్లేదు, అపోస్టిలూ అక్కర్లేదు.
- యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశం నుంచి ఇంకో దేశానికే అయితే, 2019 ఫిబ్రవరి 16 నుంచి పెళ్లి పత్రాలకు అపోస్టిల్ అడగకూడదు.

5. అపోస్టిలా, ఎంబసీ అటెస్టేషనా?

1961 అక్టోబరు 5 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య అపోస్టిల్ అనే ఒక్క ముద్ర చాలు. ఒప్పందంలో లేని దేశానికైతే వరసగా ముద్రలు పడాలి. పత్రం పుట్టిన దేశంలో స్థానిక ధ్రువీకరణ, తర్వాత ఆ దేశపు విదేశాంగ శాఖ, ఆపైన మీరు వెళ్లే దేశపు ఎంబసీ. కొన్ని దేశాల్లో దిగాక అక్కడి విదేశాంగ శాఖ ముద్ర కూడా వేయించుకోవాలి. యూఏఈ, ఖతార్‌కి వెళ్లేవాళ్లది ఈ పొడవాటి దారే.

ఏ దేశం ఎటువైపు ఉందో పాత సమాచారంతో తేల్చకండి. సౌదీ అరేబియాలో 2022 డిసెంబరులో, చైనాలో 2023 నవంబరులో, కెనడాలో 2024 జనవరిలో ఈ ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఇప్పటికీ కెనడాకి ఎంబసీ అటెస్టేషన్ తప్పదని డబ్బు తీసుకునే ఏజెంట్లు ఉన్నారు. ఈ ఒప్పందాన్ని చూసుకునే సంస్థ హేగ్ కాన్ఫరెన్స్ వెబ్‌సైట్‌లో సభ్య దేశాల పట్టిక ఉంటుంది. అందులో మీ రెండు దేశాల పేర్లు చూడండి.

పేర్లు రెండూ ఉన్నాయని అక్కడితో ఆగకండి. ఒక దేశం చేరినప్పుడు ఇంకో దేశం అభ్యంతరం చెప్పి ఉంటే, ఆ ఇద్దరి మధ్య ఒప్పందం నడవదు. భారత్, జర్మనీ రెండూ సభ్యులే. కానీ భారత్ చేరికకు జర్మనీ అభ్యంతరం చెప్పింది కాబట్టి భారత్‌లో వేసిన అపోస్టిల్‌తో జర్మనీలో పని కాదు. అక్కడి కార్యాలయం తనదైన పద్ధతిలో పత్రాలను పరిశీలింపజేసుకుంటుంది. పట్టికలో అభ్యంతరాల గడి కూడా చూడమనేది ఇందుకే.

ఇప్పుడు అందరూ తడబడే మూడు సంగతులు.

ఒకటి, అపోస్టిల్ వేసేది పత్రం పుట్టిన దేశమే. మీరు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారన్నది లెక్కలోకి రాదు. లండన్‌లో ఉంటూ కాలిఫోర్నియా సర్టిఫికెట్‌కి లండన్‌లో అపోస్టిల్ వేయించలేరు. అమెరికాలో అయితే ఆ రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్, బ్రిటన్‌లో విదేశాంగ శాఖ లీగలైజేషన్ ఆఫీసు, భారత్‌లో విదేశాంగ మంత్రిత్వ శాఖ ఈ పని చేస్తాయి. దానికి ముందు రాష్ట్ర స్థాయిలోనో కౌంటీ స్థాయిలోనో ఇంకో ముద్ర కావాల్సి రావచ్చు. ఎంబసీలు, కాన్సులేట్లు తామే జారీ చేసిన పత్రాలకు ఈ ఒప్పందం అసలు వర్తించదు.

రెండు, పత్రంలో రాసిందంతా నిజమని అపోస్టిల్ చెప్పదు. సంతకం ఎవరిది, ఆ మనిషి ఏ హోదాలో పెట్టారు, ముద్ర ఎవరిది అన్నవే చెబుతుంది. అందుకే జిరాక్స్ మీద నోటరీ చేయించి దానికి అపోస్టిల్ వేయిస్తే, చివరికి ధ్రువపడేది నోటరీ సంతకం మాత్రమే, రిజిస్ట్రార్‌ది కాదు. చాలా రిజిస్ట్రీలు దీన్ని తిప్పి పంపుతాయి. ఏజెంట్లు ఈ దారి ఎక్కువ చూపిస్తారు, వాళ్లకి పని త్వరగా అవుతుంది కదా.

మూడు, అపోస్టిల్‌ని విడిగా కాగితంగా అంటిస్తే ఆ పిన్ను ముట్టుకోకండి. స్కానర్‌లో బాగా పడాలని స్టేపుల్ పిన్ పీకి, తర్వాత మళ్లీ కొట్టినవాళ్లను చూశాను. రెండు జతల కన్నాలు చూసిన ఉద్యోగికి అనుమానం రాదా? పేజీ మడిచి స్కాన్ చేయండి, నీడ పడితే పడనివ్వండి. లామినేషన్ గురించి చెప్పనే అక్కర్లేదు. ప్లాస్టిక్ మీద ముద్ర పడదు.

అపోస్టిల్ చేతికి రాగానే కౌంటర్ దగ్గరే చూసుకోండి. అందులో 1 నుంచి 10 దాకా అంకెలు వేసిన గడులుంటాయి. దేశం, సంతకం చేసిన వ్యక్తి, హోదా, ముద్ర, ఊరు, తేదీ, జారీ చేసిన అధికారి, నంబరు, చివర ముద్ర, సంతకం. రెండో గడిలో ఉన్న పేరు మీ సర్టిఫికెట్ మీద సంతకం చేసిన రిజిస్ట్రార్ పేరేనా? ఆన్‌లైన్ రిజిస్టర్ ఉంటే నంబరు కొట్టి చూసి, ఆ పేజీ ప్రింట్ కూడా తీసుకోండి. ఎలక్ట్రానిక్ అపోస్టిల్ అయితే అసలు పత్రం ఆ ఫైలే. దాన్ని ప్రింట్ తీసి ఇస్తే ఎలక్ట్రానిక్ సంతకం పోతుంది. ఫైలుగానే పంపించండి.

6. అనువాదం చివర్లోనే

నేను తప్పింది ఇక్కడే. సర్టిఫికెట్, అపోస్టిల్ రెండూ పూర్తయ్యాకే అనువాదకుల దగ్గరికి వెళ్లాలి. ముద్రలు, అంచుల్లో చేతిరాత, వెనక పేజీ, అపోస్టిల్‌లో స్థానిక భాషలో ఉన్న మాటలు, అన్నీ అనువాదంలోకి రావాలి.

దీనికీ మినహాయింపు ఉంది. కొన్ని చోట్ల అనువాదాన్ని కూడా విడిగా ధ్రువీకరించమంటారు. అప్పుడు అనువాదకుల సంతకానికి నోటరీ, దానికి ఇంకో అపోస్టిల్ పడతాయి. మొదటి ఈమెయిల్‌లో ఈ ప్రశ్న కూడా కలపండి.

ఎవరు చేయాలన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. జర్మనీ, ఫ్రాన్స్, స్పెయిన్‌లలో ప్రమాణం చేసిన అనువాదకులు ఉంటారు, వాళ్ల ముద్ర ఉండాలి. అమెరికా ఇమిగ్రేషన్‌కైతే, అనువాదం పూర్తిగా సరైనదని, తనకు ఆ రెండు భాషలూ వచ్చని అనువాదకులు సంతకంతో రాసిస్తే చాలు. బ్రిటన్ వీసాకి తేదీ, అనువాదకుల పేరు, సంతకం, సంప్రదించాల్సిన వివరాలు ఉండాలి.

అనువాదకులకి మీ పాస్‌పోర్టు మొదటి పేజీ కాపీ ఇవ్వండి. పేర్లు వాళ్ల చెవికి తోచినట్టు రాయకుండా అందులో ఉన్నట్టే రాస్తారు. ముద్ర వేయకముందు డ్రాఫ్ట్ పంపమనండి, పేర్ల పట్టికతో మళ్లీ ఒకసారి సరిచూడండి.

7. క్యాలెండర్ వెనక నుంచి

అపోస్టిల్‌కి గడువు తేదీ ఉండదు. కానీ దాని కింద ఉన్న పత్రం మూడు నెలల లోపుదో ఆరు నెలల లోపుదో కావాలని అడిగే హక్కు చివరి కౌంటర్‌కి ఉంటుంది. అందుకే లెక్క అటు నుంచి రావాలి.

అపాయింట్‌మెంట్ జూన్ 20న ఉందని, పత్రం మూడు నెలల లోపుదై ఉండాలని అనుకుందాం. అంటే మార్చి 20కి ముందు జారీ అయినది పనికిరాదు. అనువాదానికి రెండు వారాలు, అపోస్టిల్‌కి మూడు వారాలు, కొరియర్‌కి రెండు వారాలు పట్టేలా ఉంటే, ఏప్రిల్ చివరికల్లా సర్టిఫికెట్ మీ చేతిలో ఉండాలి. మధ్యలో మిగిలిన ఐదారు వారాలే మీకున్న వెసులుబాటు. సెలవులు, ఒక తిరస్కరణ అందులోనే ఇమడాలి.

8. తప్పు జరిగిపోతే

సర్టిఫికెట్ పాతబడిందంటే బాధపడకండి. సివిల్ రిజిస్ట్రీ అదే పెళ్లికి తాజా తేదీతో కొత్త సర్టిఫైడ్ కాపీ ఇస్తుంది. దానికి మాత్రం కొత్త అపోస్టిల్ వేయించాలి.

కౌంటర్‌లో తిరస్కరిస్తే వాదించకుండా కారణం రాతలో అడగండి. ఏ నిబంధన ప్రకారమో కూడా అడగండి. సగం సందర్భాల్లో రాయాల్సి వచ్చేసరికి లోపలికెళ్లి పై అధికారిని కనుక్కుని వస్తారు. మీ ఫోల్డర్‌లో పైన పెట్టిన ఈమెయిల్ బయటికి తీయాల్సింది అప్పుడే.

ఏజెంట్‌కి ఇవ్వాలా? దూరం వల్ల తప్పకపోతే ఇవ్వండి. కానీ ఏ కార్యాలయంలో ఏ ముద్ర వేయిస్తారో ఒక్కొక్కటిగా రాయించుకోండి. "అంతా మేం చూసుకుంటాం" అనేవాళ్లకి ఒరిజినల్ ఇవ్వొద్దు.

9. ప్రయాణానికి ముందు కవర్

- అపోస్టిల్ ఉన్న మ్యారేజ్ సర్టిఫికెట్, అనువాదంతో
- అపోస్టిల్ లేని తాజా సర్టిఫైడ్ కాపీ ఒకటి
- ఇద్దరి బర్త్ సర్టిఫికెట్లు, అడిగితే వాటికీ అపోస్టిల్
- విడాకుల తుది ఉత్తర్వు లేదా డెత్ సర్టిఫికెట్, వర్తిస్తే
- పేరు తేడా అఫిడవిట్, ఉంటే
- చివరి కౌంటర్ పంపిన ఈమెయిల్ ప్రింట్
- అన్నిటి కలర్ స్కాన్లు, ముందూ వెనకా, ఇద్దరి ఫోన్లలోనూ

ఇవన్నీ చేతి సంచిలోనే పెట్టుకోండి, చెక్-ఇన్ లగేజీలో వేయొద్దు. ఒక సెట్ ఒకరి దగ్గర, రెండోది ఇంకొకరి దగ్గర ఉంటే ఇంకా మంచిది.

అక్కడికెళ్లి కాగితాలు ఇచ్చేటప్పుడు, ఒరిజినల్ వాళ్లే ఉంచుకుంటారంటే, ఇచ్చేముందు వాళ్ల చేతే ఒక ధ్రువీకరించిన నకలు తీయించుకోండి. రశీదు మీద ఉన్న ఫైలు నంబరు ఆ నకలు వెనక పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. మళ్లీ వెళ్లినప్పుడు వాళ్లు మొదట అడిగేది ఆ నంబరే.